విడిభాగాల మార్పిడి రోగనిర్ధారణ కాదు

ఆరోగ్య విషయాలు వ్రాసే చోట కారు ఇంజిన్ ప్రసక్తి ఎందుకని పాఠకులు అడుగవచ్చు. దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్బీ నగర్ వరకు మెట్రో స్తంభాల పక్కన, నిండు రద్దీలో ఇంజిన్ హఠాత్తుగా ఆగిపోతే స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేకుకు ఇంజిన్ అందించే సాయం రెండు మూడు నొక్కులతో అయిపోతుంది. వెనుక వస్తున్నది ఆర్టీసీ బస్సు. ప్రాణంతో ముడిపడిన విషయం వైద్యునికి పరాయిది ఎలా అవుతుంది?

నా పెట్రోలు కారు సిగ్నల్ వద్ద నిలిచినప్పుడల్లా వణికేది, ఒక్కొక్కసారి ఆగిపోయేది. ఒక గ్యారేజీలో స్కానర్ పెట్టి చూస్తే పి0171 అనే సంకేతం వచ్చింది. వెంటనే ఆక్సిజన్ సెన్సార్ మార్చారు. తొమ్మిది రోజులకు హెచ్చరిక దీపం మళ్ళీ వెలిగింది. ఈసారి స్పార్క్ ప్లగ్గులు, ఆ తరువాత ఇగ్నిషన్ కాయిళ్ళు మార్చారు. నాలుగవసారి ఫ్యూయల్ పంపు అన్నారు. అందుకు నేను అంగీకరించలేదు.

ఆ సంకేతం చెప్పేది ఒక్కటే: ఇంజిన్‌లో మండే మిశ్రమంలో గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ. కారణం చెప్పే శక్తి దానికి లేదు. థర్మామీటరు 102 చూపినంత మాత్రాన అది టైఫాయిడో మలేరియానో తెలుస్తుందా? జ్వరం చూపిందని థర్మామీటరునే మార్చిన వైద్యుని ఏమంటాము? నిజం చెప్పిన సెన్సార్‌ను పీకి పారవేయడం అలాంటి పనే. మలేరియాకు ఆ పేరు చెడు గాలి వల్ల వస్తుందన్న భ్రమ నుండి వచ్చింది. 1897లో మన సికింద్రాబాద్‌లోనే రోనాల్డ్ రాస్ దోమ కడుపులో పరాన్నజీవిని చూసి ఆ భ్రమను తొలగించాడు. నా కారు విషయంలో మాత్రం నేరం నిజంగా గాలిదే!

గాలిని కొలిచే సెన్సార్‌ను దాటిన తరువాత గొట్టంలో ఎక్కడైనా చీలిక ఉంటే, లెక్కకు రాని గాలి లోపలికి దూరుతుంది. దీనిని పట్టుకోవడానికి ఏమీ విప్పనక్కరలేదు. కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత శాతం పెంచుతున్నదో అదే స్కానర్‌లో కనిపిస్తుంది. బండి నిలిచి ఉన్నప్పుడు ఆ సంఖ్య బాగా పెరిగి, ఇంజిన్‌ను 2,500 చుట్లకు లేపినప్పుడు తగ్గితే గాలి కారుతున్నదని అనుమానించాలి. బరువు లాగేటప్పుడు పెరిగితే అప్పుడు పంపునో ఫిల్టరునో శంకించాలి. చివరకు సరూర్‌నగర్ వైపు ఒక పెద్ద వయసు మెకానిక్ ఈ సంఖ్యలు చూసి, గొట్టాలలోకి పొగ పంపాడు. రబ్బరు గొట్టం మడతలోని చీలిక నుండి పొగ బయటకు వచ్చింది. అరగంట పని. గొట్టం వెల ఆ సెన్సార్ వెలలో పదవ వంతు కూడా లేదు.

మరి మార్చిన ప్రతిసారీ కొన్ని రోజులు బాగైనట్లు ఎందుకనిపించింది? భాగం మార్చగానే సంకేతాన్ని చెరిపివేస్తారు. ఇటువంటి లోపం సాధారణంగా రెండు ప్రయాణాలలో వరుసగా కనబడితే తప్ప దీపం వెలగదు. కంప్యూటర్ కూడా తన సర్దుబాట్లను మొదటి నుండి నేర్చుకోవాలి. పారాసిటమాల్‌తో దిగిన జ్వరాన్ని నయమైన జబ్బుగా చూపడం వంటిదే ఇది. అంతకన్న ఘోరం మరొకటి ఉన్నది. లోపం పుట్టిన క్షణాన ఇంజిన్ వేగం, వేడి, భారం ఎంతెంత ఉన్నవో కంప్యూటర్ భద్రపరుస్తుంది. సంకేతాన్ని చెరిపితే ఆ వివరాలూ పోతాయి. రోగి కేస్ షీటు చింపివేసి వైద్యం మొదలుపెట్టినట్లే.

మెకానిక్‌లనే నిందించి ఊరుకోను. మన వాహన యజమానులు ఎనిమిది వేల భాగానికి మారు మాట లేకుండా చెల్లిస్తారు, కారణం వెదికినందుకు ఐదు వందలు అడిగితే "చూసినందుకే డబ్బులా?" అంటారు. ఇంజెక్షన్ ఇవ్వని డాక్టరు డాక్టరే కాదనే రోగులను ప్రభుత్వ ఆసుపత్రులలో నా ఉద్యోగకాలమంతా చూశాను. ఆలోచనకు వెల లేదన్నచోట వస్తువులే అమ్ముడవుతాయి. పాత బండికి ఆ భాగాలు ఎప్పటికైనా మార్చవలసినవే కదా అనే సమర్థన కూడా విన్నాను. అరవై ఏళ్ళవానికి కంటిశుక్లం ఉన్నదని కడుపునొప్పికి కంటి ఆపరేషన్ చేస్తామా?

ఇకమీద బండి అప్పగించేటప్పుడు పరీక్ష రుసుము వేరుగా ఇస్తానని ముందే చెప్పండి. సంకేతం చెరపక ముందు ఆ సంఖ్యలను ఫోనులో ఫోటో తీసుకోండి. ఏ పరీక్ష ఆధారంగా ఈ భాగం చెడిందంటున్నారో బిల్లు మీద వ్రాయమనండి. వ్రాయడానికి వెనుకాడితే తాళం చెవి తిరిగి తీసుకొని రండి.