ఎదురు డబ్బిచ్చి కష్టాలు

ఎదురు డబ్బిచ్చి కష్టపడేవారిని లోకం వెర్రివాళ్లంటుంది. 1996లో బ్రిటన్‌లో మొదలైన క్లిపర్ పడవ పందెం అచ్చంగా అలాంటివారి కోసమే. తెరచాపల మీద భూగోళం చుట్టిరావాలి. సుమారు 40,000 నాటికల్ మైళ్లు. కెప్టెను వృత్తి నావికుడు. తక్కినవారిలో చాలామంది నర్సులు, ఉపాధ్యాయులు వగైరా. రుసుము కట్టి, శిక్షణ పొంది, వంతులవారీగా వంటా కాపలా చేస్తారు. 2015-16 పందెంలో ఇద్దరు ప్రాణాలే పోగొట్టుకున్నారు.

ఇది పెట్టిన రాబిన్ నాక్స్-జాన్‌స్టన్, 1968లో బయలుదేరి 312 రోజులు ఎక్కడా ఆగకుండా ఒంటరిగా ప్రపంచం చుట్టినవాడు. ఆయన పడవ 'సుహేలి' మన బొంబాయిలో టేకుతో కట్టిందే! ఆ పోటీలో తొమ్మిదిమంది బయలుదేరితే గమ్యం చేరింది ఆయనొక్కడే. డొనాల్డ్ క్రోహర్స్ట్ అనే సరదా నావికుడు, ముందుకు సాగలేక, ఇంటికి మళ్లలేక, లేనిచోట ఉన్నట్టు కబుర్లు పంపాడు. 1969 జూలైలో అతని పడవ ఖాళీగా దొరికింది. తాను గెల్చుకున్న 5,000 పౌన్లూ నాక్స్-జాన్‌స్టన్ ఆ కుటుంబానికే ఇచ్చేశాడు.

క్లిపర్ పడవల్లో ప్రమాదం లేదనను. కాని, "ఇది నాకు చేతకావడం లేదు" అని చెప్పుకోడానికి పక్కన మనిషి ఉంటాడు. క్రోహర్స్ట్‌కు లేనిది అదే. ఆ సౌకర్యానికి ఎంత రుసుమైనా ఎక్కువ కాదని నాకు తోస్తుంది.