ఫోన్ పెట్టేశాక మురుకుల డబ్బా

సాయంత్రం ఆరున్నర. మర్రిపాడు వైపు ఏ ఇంట్లోనైనా కనిపించే దృశ్యమే. బెంగళూరులో పనిచేసే కొడుకు ఈ పండక్కీ రాలేనన్నాడు. తల్లి ఫోన్ గూట్లో పెట్టి, అదే చేత్తో పక్కనున్న మురుకుల డబ్బా మూత తీసింది. మధ్యాహ్నం కడుపునిండా తిన్నది, ఆకలి లేదు. అయినా డబ్బా సగమయ్యేదాకా చెయ్యి ఆగలేదు.

దీన్ని తిండిపోతుతనం అనడం అన్యాయం.

ఏడ్చే బిడ్డ చేతిలో బెల్లంముక్క పెట్టి ఊరుకోబెట్టేది మనమే. చావు జరిగిన ఇంటికి అన్నం వండి తీసుకెళ్లి, వద్దన్నా రెండు ముద్దలు తినిపించేదీ మనమే. ఊరడింపు అంటే తిండేనని చిన్నప్పుడే నేర్పేశాం. ఒళ్లు కూడా అటే లాగుతుంది. హఠాత్తుగా భయమేస్తే ఆకలి చచ్చిపోతుంది గానీ, మనేద నెలల తరబడి సాగితే కార్టిసాల్ అనే హార్మోను తీపి మీదికీ నూనె వంటల మీదికీ మనసును తిప్పుతుంది. అలాంటి తిండి ఒత్తిడిని కాసేపు నిజంగానే తగ్గిస్తుందనీ, పొట్ట చుట్టూ కొవ్వునూ పెంచుతుందనీ మేరీ డాల్‌మన్ అనే అమెరికా శాస్త్రవేత్త బృందం ఎలుకల మీద ప్రయోగాలతో 2003లో వివరించింది. ఊరట దొరుకుతోంది కాబట్టే చెయ్యి మళ్లీ డబ్బా మీదికి పోతుంది.

ఈ సంగతి మరిచి ఇచ్చే సలహా షుగర్ ఉన్నవారి దగ్గర బెడిసికొడుతుంది. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో తేల్చింది. షుగర్ బయటపడగానే ఇంటిల్లిపాదీ చెప్పేది ఒక్కటే: నోరు కట్టుకో. పగలంతా కట్టుకున్న నోరు రాత్రికి తట్టుకోలేదు. వేళకు తినడమే మేలు.

అసలు ఆకలి మెల్లగా మొదలవుతుంది, చద్దన్నంలో మజ్జిగ పోసినా తీరుతుంది. దిగులు ఆకలి ఉన్నట్టుండి వచ్చి మురుకులే కావాలంటుంది. అప్పుడు పది నిమిషాలు అరుగు మీద కూర్చుని, పక్కింటామెతో కొడుకు సంగతి చెప్పుకుంటే ఆ ఊపు తగ్గొచ్చు. అప్పటికీ తినాలనిపిస్తే నాలుగు మురుకులు పళ్లెంలో వేసుకుని తినాలి, డబ్బా ఒళ్లో పెట్టుకుని కాదు.

ముప్పై దాటినవారి కోసం ఆశా కార్యకర్తలు నింపే ఆరోగ్య పత్రంలో, రెండు వారాలుగా దిగులుగా ఉందా, పనుల మీద ఆసక్తి తగ్గిందా అనే ప్రశ్నలున్నాయి. నడుము కొలతల హడావిడిలో వాటిని దాటేయకూడదు. దిగులేస్తే ఏం తింటావమ్మా అని ఇంకో మాట కలపాలి. తిండి తన అదుపులో లేదనిపించినవారు 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఈ టెలి మానస్ మానసిక ఆరోగ్య సేవ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ అంకెలు గూటి పక్కన గోడ మీద, ఫోన్ పెట్టే చోటే పెద్దగా రాసి ఉంచాలి.