వానను కొలిచారు, వాగును కొలవలేదు

ఉద్యమం రోజుల్లో మనలో ఎవరిని నిద్రలేపి అడిగినా కొన్ని అంకెలు తప్పకుండా చెప్పేవాళ్లం. కృష్ణాలో ఉమ్మడి రాష్ట్రానికి 811 టీఎంసీలు. శ్రీశైలం కనీస మట్టం 834 అడుగుల నుంచి 854కు ఎక్కించిన జీవో. పోతిరెడ్డిపాడు తూము 11 వేల క్యూసెక్కుల నుంచి 44 వేలకు పెరిగిన తీరు. ఈ లెక్కలు మనకు నేర్పినవాళ్లలో ఆర్. విద్యాసాగర్ రావు గారు ముందుంటారు. కేంద్ర జలసంఘంలో చీఫ్ ఇంజనీరుగా చేసి వచ్చిన ఆయన దగ్గర అంకె లేని వాదన చెల్లేది కాదు. మనం పాటతో గెలిచామని అంటారు, నిజమే. కానీ చర్చల్లో ఎదుటివాళ్ల నోరు మూయించింది అంకెలే.

మరి ఇప్పుడు నాదొక ప్రశ్న. 2024 ఆగస్టు 31 అర్ధరాత్రి ఆకేరు వాగు మట్టం ఎంత? గంటకు ఎంత చొప్పున పెరుగుతోంది? మీకు తెలిస్తే చెప్పండి. ఆ రాత్రి ఖమ్మంలో పడుకున్నవాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

ఆ రాత్రి వాన ఎంత పడిందో మాత్రం మనకు తెలుసు. ఇనుగుర్తిలో, కాకరవాయిలో 40 సెంటీమీటర్లు దాటింది. రాష్ట్రమంతటా వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. వాన లెక్క దాదాపు ప్రతి మండలం నుంచీ వస్తుంది. ఇది మన రాష్ట్రం సాధించిన మంచి పనుల్లో ఒకటి, నేను గర్వంగానే చెప్పుకుంటాను. కానీ ఆకాశం నుంచి పడ్డదాన్ని ఇంత శ్రద్ధగా కొలిచి, అది నేల మీద ఎక్కడికి పోతోందో కొలవకుండా వదిలేస్తే ఆ లెక్క పొద్దున పేపర్లో వేసుకోవడానికి తప్ప దేనికి పనికొచ్చింది? మహబూబాబాద్ వైపు పడిన వాన ఆకేరులో, మున్నేరులో కలిసి ఖమ్మం చేరడానికి గంటల సమయం పడుతుంది. ఆ గంటలే ప్రాణాలు. ఆ గంటలనే మనం పోగొట్టుకున్నాం.

మా మేనత్త ఇల్లు మున్నేటికి దగ్గర్లోనే. సెప్టెంబర్ 1 పొద్దున ఫోన్ చేస్తే, "నీళ్లు మా మలుపు దాకొచ్చినయి, ఇంకెంత పెరుగుతది అల్లుడా?" అని అడిగింది. సముద్రం ఇవతల సుంగై పెటానిలో కంప్యూటర్ ముందు కూర్చుని నేను వెతుకుతున్నాను. ఏ మండలంలో ఎన్ని మిల్లీమీటర్లో దొరికింది. ఖమ్మం దగ్గర స్కేలు మీద నీళ్లు ఎంతుందో వాట్సాప్‌లో దొరికింది, అదీ గంట పాతది. పైనుంచి ఎంత వస్తోందన్నది మాత్రం ఎక్కడా దొరకలేదు. "మిద్దె ఎక్కు అత్తా" అనడం తప్ప ఇంకేం చెప్పగలను? ఎక్కారు, బతికారు. మున్నేరు 36 అడుగులు తాకింది. అక్కడ రెండో హెచ్చరిక 24 అడుగులకే. ప్రకాశ్ నగర్ వంతెన మీద చిక్కుకున్నవాళ్ల కోసం రావలసిన హెలికాప్టర్ రాలేదు. చివరికి వాళ్లను ఒక జేసీబీ డ్రైవర్ తీసుకొచ్చాడు.

"వందేళ్లకోసారి వచ్చే వాన, ఎవరేం చేస్తారు" అనేవాళ్లున్నారు. అంతకుముందు ఏడాది జూలైలోనే అదే మున్నేరు 30 అడుగులు దాటింది. వందేళ్ల వాన పద్నాలుగు నెలల్లో మళ్లీ వస్తే దాన్ని వందేళ్ల వాన అనకూడదు. 2023 జూలై 27 పొద్దుటికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు నమోదైంది, రాష్ట్ర రికార్డు. దశాంశ స్థానంతో సహా రాసుకున్నాం. అదే పొద్దున మోరంచపల్లి జనం ఇళ్ల కప్పుల మీదున్నారు. కొండాయిలో జంపన్నవాగు ఎనిమిది మందిని తీసుకుపోయింది. ఆ ఊళ్లకు వాగే వచ్చి చెప్పింది, వచ్చాక చెప్పింది.

ఇదంతా మనకు చేతకాని విద్య కాదని భద్రాచలం సాక్ష్యం చెబుతుంది. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండు, 53కి మూడు. చదువురాని ముసలమ్మకు కూడా ఆ అంకెలు తెలుసు, ఏ అంకెకు ఏం సర్దుకోవాలో తెలుసు. ఎగువన పేరూరు దగ్గర నది మట్టం చూసి దిగువన రేపటికి ఎంత వస్తుందో జలసంఘం ముందే లెక్క కడుతుంది. 2022 జూలై 16న గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986లో వచ్చిన 75.6 తర్వాత అంత ఎత్తు అదే. నష్టం జరిగింది, ఇళ్లు మునిగాయి. కానీ వేల మందిని ముందే శిబిరాలకు తరలించగలిగారంటే కారణం నదికి కొలత ఉండడమే. పెద్ద నదికి స్కేలు ఉంది, చాలా వాగులకు లేదు. మనవాళ్లు చనిపోతున్నది వాగుల్లో.

ఆ 2022 వరద గురించి ఒక చేదు మాట కూడా చెప్పుకోవాలి. మనలో కొందరికి నచ్చదు, తెలుసు. జూలై 17న భద్రాచలం వెళ్లిన అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ గారు, క్లౌడ్ బరస్ట్ వెనక విదేశాల కుట్ర ఉందనే అనుమానాలున్నాయన్నారు. టీఎంసీల లెక్కలతో ఢిల్లీని నిలదీసిన ఉద్యమ నాయకుడి నోట ఆ మాట విని నాకు తల కొట్టేసినట్టయింది. అది క్లౌడ్ బరస్టే కాదు, రోజుల తరబడి పరీవాహకమంతటా కురిసిన వాన. ఇక ప్రభుత్వం మారాక వచ్చిన మొదటి పెద్ద వరద ఈ ఖమ్మం వరద. కొత్త పాలకులు కుట్ర అనలేదు, సరే. "జిల్లాకు రెడ్ అలర్ట్ ఇచ్చాం" అంటున్నారు. జిల్లాకు ఇచ్చిన అలర్ట్ చూసి ఏ వీధివాడు ఏ గంటకు లేవాలి?

విజయవాడ సంగతీ చూడండి. సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, 2009 రికార్డు పోయింది. గంటగంటకూ ఆ అంకె టీవీల్లో తిరిగింది. అందరూ కృష్ణమ్మ వైపు చూస్తుంటే సింగ్ నగర్‌ను ముంచింది బుడమేరు. అదీ వాగే. రాష్ట్రం వేరైనా రోగం ఒక్కటే. మన మున్నేరు కూడా దాటి వెళ్లేది అక్కడికే, నందిగామ వైపు. ఎగువన మనం కొలిచి చెబితే దిగువన వాళ్లు బతుకుతారు. దీంట్లో మన వాటా ఏమీ తగ్గదు.

నేనుండే చోటు గొప్పలు చెప్పడం నా ఉద్దేశం కాదు. మా ఊరికి దక్షిణంగా పారే ముడా నది కెడా, పెనాంగ్ రాష్ట్రాల మధ్య హద్దు. నీళ్ల ధర మీద ఆ రెండు రాష్ట్రాలూ మనకన్నా ఘోరంగా తిట్టుకుంటాయి. అయినా జెనియాంగ్ దగ్గర, లడాంగ్ విక్టోరియా అనే పాత తోట దగ్గర ఆ నది ఎంత ఎత్తులో ఉందో నీటిపారుదల శాఖ వాళ్ల సైటులో ఎవరైనా చూడొచ్చు. మామూలు, జాగ్రత్త, హెచ్చరిక, ప్రమాదం అని నాలుగు మెట్లు, నాలుగు రంగులు. నది ఎవరిదన్న గొడవ వేరు, నది ఎంతుందన్న సమాచారం వేరు. ఇక్కడా లోటుంది. 2022 జూలై 4న బాలింగ్‌లో కొండ మీంచి వచ్చిన నీళ్లకు ముగ్గురు చనిపోయారు. పెద్ద నదికి కొలత ఉండి కొండవాగుకు లేకపోతే ఏమవుతుందో ఇక్కడా చూశాం.

వాగుకు కొలత పెట్టడం కాళేశ్వరం కట్టడం కాదు. వంతెన కింద ఒక రాడార్ పరికరం వేలాడదీస్తారు. అది నీటిని తాకదు, కాబట్టి బురదకూ కొట్టుకొచ్చే చెట్లకూ పాడవదు. తరంగం నీటి మీద పడి తిరిగొచ్చే సమయాన్ని బట్టి మట్టం లెక్క తీస్తుంది. ఒక సోలార్ పలక, ఒక సిమ్ కార్డు. పావుగంటకోసారి అంకె పంపిస్తుంది. కష్టమైన పని ఒకటుంది. వాగు రకరకాల మట్టాల్లో పారుతున్నప్పుడు మనుషులు వెళ్లి వేగం కొలిచి, ఏ ఎత్తుకు ఎన్ని క్యూసెక్కులో పట్టిక తయారుచేయాలి. వరద వచ్చి వాగు అడుగు మారితే ఆ పట్టిక మళ్లీ సరిచూడాలి. దీనికి ఏటా జీతాలిచ్చి మనుషులను పెట్టాలి. శిలాఫలకం ఉండదు, రిబ్బన్ కత్తిరింపు ఉండదు. అందుకే ఎవరికీ పట్టదు. మున్నేటికి 690 కోట్లతో గోడ అన్నారు. గోడ కట్టండి, వద్దనను. గోడ దాటే వరద వచ్చేది ఎప్పుడో ఎవరు చెబుతారు?

పోతిరెడ్డిపాడు దగ్గర టెలిమెట్రీ పెట్టాలని, అదీ తూముకు ఆనుకునే పెట్టాలని, కిలోమీటర్ల దిగువన పెడితే ఒప్పుకోమని కృష్ణా బోర్డులో మనం ఏళ్లుగా కొట్లాడుతున్నాం. పోలవరం వెనుక జలాలు కిన్నెరసాని, ముర్రేడు వాగుల్లోకి ఎంత ఎగదన్నుతాయో ఉమ్మడి సర్వే చేయమంటున్నాం. రెండూ న్యాయమైనవే. నీళ్లు దొంగిలించేవాడిని పట్టుకోవడానికి కొలత కావాలని అడగడం వచ్చిన మనకు, మనిషిని కాపాడుకోవడానికి అదే కొలత అడగడం ఎందుకు రాలేదు? పోలవరం వాదన నెగ్గాలన్నా ఆ వాగుల వరద మట్టాలు ఏళ్ల తరబడి మన దగ్గర రాసి ఉండాలి కదా. లేకపోతే మంత్రులు టీవీల్లో మాటలు విసురుకోవడమే మిగులుతుంది, 2022లో మిగిలినట్టు.

బతుకమ్మ పండుగ వస్తుంది. కౌలాలంపూర్ నుంచి డాలస్ దాకా మన సంఘాలు మంత్రులనూ ఎమ్మెల్యేలనూ పిలుస్తాయి, శాలువాలు కప్పుతాయి. కప్పండి. ఫొటో దిగే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "సార్, ఆకేరు ఇప్పుడు ఎన్ని అడుగులుంది, ఎక్కడ చూడాలి?" జవాబు వస్తే ఇక్కడ రాయండి. రాకపోతే అది కూడా రాయండి, ఎవరిని అడిగారో పేరుతో సహా.

జై తెలంగాణ.