చెరువు ఒడ్డున ఓటు ఎవరికి?

2024 ఆగస్టులో హైదరాబాద్ దుర్గం చెరువు చుట్టూ ఉన్న రెండు వందలకు పైగా కట్టడాలకు రెవెన్యూ అధికారులు వాల్టా చట్టం కింద నోటీసులు ఇచ్చారు. అమర్ సొసైటీ, కావూరి హిల్స్, నెక్టార్ గార్డెన్స్, డాక్టర్స్ కాలనీ ఆ జాబితాలో ఉన్నాయి. ముప్పై రోజుల్లో ఎవరి కట్టడం వాళ్లే తొలగించుకోవాలన్నది నోటీసు సారాంశం. నివాసులు హైకోర్టుకు వెళ్లారు. తమకు అనుమతులున్నాయని, చెరువు పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) హద్దును తప్పుగా గీశారని వాదించారు. వాళ్ల అభ్యంతరాలు వినాలని కోర్టు చెరువుల పరిరక్షణ కమిటీని ఆదేశించింది.

ఆ తర్వాతి నెలలోనే మూసీ ఒడ్డున ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని రాశారు. అక్టోబరు మొదట్లో మూసానగర్, శంకర్‌నగర్‌లలో కూల్చివేతలు మొదలయ్యాయి. అక్కడి జనమూ రోడ్డెక్కారు, కోర్టు తలుపు తట్టారు. కానీ కాలనీలకు ఉన్నట్టు వాళ్ల చేతిలో లేఅవుట్ లేదు. డబుల్ బెడ్‌రూం ఇల్లు ఎక్కడ ఇస్తే అక్కడికి సామాను సర్దుకోవడమే చాలా కుటుంబాలకు మిగిలింది.

దుర్గం చెరువు ఇళ్లను కూడా కూల్చేస్తే న్యాయం జరిగినట్టే అని మేం అనడం లేదు. నోటీసు ఇవ్వడం, వినడం, హద్దు తేల్చడం అందరికీ దక్కాల్సినవే. మేం అడుగుతున్నది వేరే ప్రశ్న. నీటి ఒడ్డు మీద మాట్లాడే హక్కు మనిషికి దేని వల్ల వస్తోంది? ఆ నీటిని వాడుకోవడం వల్లనా, ఆ పక్కన పట్టా ఉండడం వల్లనా? మన దేశంలో ఒడ్డు ఇళ్లవాళ్ల 'ఉమ్మడి' హక్కుకు పాత చరిత్రే ఉంది. అది కాలనీ సంఘాలతో మొదలవలేదు.

మహాడ్: ఒడ్డు ఇళ్లవాళ్ల దావా

1927 మార్చి 20న అంబేడ్కర్ నాయకత్వంలో వేలాది మంది మహాడ్‌లోని చవ్‌దార్ చెరువులో నీళ్లు తాగారు. ఇది మనందరికీ తెలిసిన చరిత్ర. ఆ తర్వాత నడిచిన కోర్టు కేసు గురించి మనం తక్కువగా మాట్లాడుకుంటాం. ఆ ఏడాది డిసెంబరులో సవర్ణులు సివిల్ కోర్టులో దావా వేశారు. చెరువు తమదని, అంటరానివారిని దూరంగా ఉంచడం తరతరాల ఆచారమని వాళ్ల వాదన. తాత్కాలిక ఇంజంక్షన్ కూడా తెచ్చుకున్నారు. దాంతో డిసెంబరులో జరిగిన రెండో సభ చెరువు దాకా వెళ్లలేకపోయింది.

ఆ చెరువు నాలుగైదు ఎకరాలు. చుట్టూ మునిసిపాలిటీ రోడ్డు, ఆ రోడ్డుకు ఆవల దాదాపు అన్నీ సవర్ణుల ఇళ్లు. నీటి అంచున ఉన్న భూమి ముక్కలు, దిగే మెట్లు, రాతి కట్టలు చాలా చోట్ల ఆ ఇంటివాళ్ల పేరనే ఉన్నాయి. దళితుల ఇల్లు దగ్గర్లో ఒక్కటీ లేదు. అంటే మెట్లు నావి, గట్టు నాది, కాబట్టి నీళ్లూ నావే. దావా వెనక నడిచిన తర్కం ఇదే. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు దీన్ని తోసిపుచ్చింది. అనాదిగా వస్తున్న ఆచారం అన్నది రుజువు కాలేదంది. గెలవడానికి దాదాపు పదేళ్లు పట్టింది.

ఈ కేసులో గమనించాల్సింది ఒకటుంది. సవర్ణులు కోర్టులో శుద్ధి, మైల అని మాత్రమే వాదించలేదు. ఆస్తి అని వాదించారు. కులం కోర్టుకెక్కినప్పుడు ఆస్తిహక్కు భాష మాట్లాడుతుంది.

తూము తీసేవారికి మేర, భూమి ఉన్నవారికి సంఘం

తెలుగు ఊళ్లకు వస్తే, చెరువును కనిపెట్టుకుని ఉన్నది ఎవరు? తూము తీసి, మడిమడికీ నీళ్లు పారించి, వానాకాలం రాత్రులు కట్ట మీద కాపలా కాసిన నీరటి చాలా గ్రామాల్లో మాల, మాదిగ కుటుంబాల మనిషే. పంట నూర్పిళ్లప్పుడు ఇచ్చే మేర గింజలే అతని కూలి. నీళ్ల లెక్క అతనికి తెలిసినంతగా ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. నీళ్ల మీద అధికారం మాత్రం అతనికి లేదు.

1985 జూలైలో కారంచేడులో గొడవ రేగింది కూడా మంచినీళ్ల చెరువు దగ్గరే. తాము తాగే నీళ్ల దగ్గర గేదెలను కడుగుతుంటే ఒక మాదిగ మహిళ అడ్డు చెప్పింది. మర్నాడు, జూలై 17న, మాదిగపల్లె మీద దాడి జరిగింది. ఆరుగురిని చంపారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. నీళ్లు పాడుచేయొద్దని చెప్పే అధికారం ఒక దళిత స్త్రీకి ఉందా అన్నదానికి భూస్వామ్య కులం ఇచ్చిన జవాబు అది.

పన్నెండేళ్ల తర్వాత, 1997లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం తెచ్చింది. అదే ఏడాది పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిపింది. ప్రపంచ బ్యాంకు దీన్ని ప్రజాభాగస్వామ్యానికి నమూనా అని మెచ్చుకుంది. కానీ చట్టంలో ఓటు ఆయకట్టులో భూమి ఉన్నవారికే. కౌలుదారు రికార్డులోకి ఎక్కితే అతనికి. మిగతా నీటి వినియోగదారులు సంఘంలో ఉండొచ్చు, ఓటు మాత్రం వేయలేరు. బట్టలుతికే చాకలికి, పశువులను తోలుకొచ్చే పాలేరుకి, నాట్లేసే దళిత కూలికి, నీరటికి ఓటు లేదు.

కాలనీ ఓనర్ల అసోసియేషన్, ఆయకట్టు సంఘం ఒకదానికొకటి సంబంధం లేనివిగా కనిపిస్తాయి. రెండింటి పునాదీ ఒకటే. పట్టా ఉంటే సభ్యుడు, లేకపోతే బయటివాడు. భూమి కులాన్ని బట్టి పంచబడిన చోట ఈ నియమం పైకి కులం పేరెత్తకుండానే కులాన్ని కాపాడుతుంది.

దుమ్ముగూడెం ఒడ్డు

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా దుమ్ముగూడెంలో కథ వేరుగా ఉండే వీలుంది. గోదావరి ఇక్కడ రెండుసార్లు బయటివాళ్ల పథకమైంది. 19వ శతాబ్దంలో బ్రిటిష్‌వాళ్లు ఎగువ గోదావరి మీద పడవలు నడపాలని దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట కట్టారు. 1871లో ఆ పథకాన్ని వదిలేశారు. ఆనకట్ట మిగిలింది. ఇప్పుడు దాని దిగువనే సీతమ్మసాగర్ బ్యారేజీ. దాదాపు 37 టీఎంసీల నిల్వ, జలవిద్యుత్తు దాని లక్ష్యాలు. పర్యావరణ అనుమతి లేకుండా పనులు చేస్తున్నారని రైతులు వెళ్లగా, జాతీయ హరిత ట్రిబ్యునల్ 2023లో పనులు ఆపమంది. బ్యారేజీ నిండితే దుమ్ముగూడెం, చర్ల మండలాల వైపు నదికి కొత్త ఒడ్డు ఏర్పడుతుంది. ఆ ఒడ్డు ఎవరిది?

ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. 1/70 ప్రకారం ఇక్కడి భూమి ఆదివాసీకి లేదా పూర్తిగా ఆదివాసీలే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి తప్ప ఇంకెవరికీ బదిలీ కాదు. 1997 సమత తీర్పు ప్రభుత్వాన్నీ ఆ నిషేధంలోకి తెచ్చింది. అందుకే దుర్గం చెరువు మాదిరి కాలనీ ఇక్కడ చట్టబద్ధంగా లేవదు. ఈ రక్షణను దళిత ఉద్యమం గట్టిగా నిలబెట్టాలి. ఏజెన్సీలోని భూమిలేని దళితులను చూపించి 1/70ని సడలించాలనే వాదన అప్పుడప్పుడూ వినిపిస్తుంది. సడలిస్తే ముందుగా కొనేది దళిత కూలీ కాదు, మైదానం నుంచి వచ్చే పెట్టుబడిదారు.

మరి ఇక్కడి దళితులకు ఏ దారి ఉంది? ఉన్నది పట్టా కాదు, ఓటరు జాబితా. 1996 పెసా చట్టం ప్రకారం గ్రామసభ అంటే ఆ ఊరి ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్లందరూ. భూసేకరణకు ముందు గ్రామసభనో తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలి. చిన్న నీటివనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలి. కోయ రైతూ, భూమిలేని మాల, మాదిగ కూలీ అక్కడ సమానంగా కూర్చోవచ్చు. 2006 అటవీ హక్కుల చట్టం చేపల మీద, మేత మీద సామూహిక హక్కులను గుర్తిస్తుంది. ఆదివాసేతరులు మూడు తరాల, అంటే 75 ఏళ్ల నివాసం చూపాలి. కాగితం లేని కుటుంబానికి అది పెద్ద గోడే.

2013 భూసేకరణ చట్టం నీటివనరుల మీద బతికే మత్స్యకారులను, పడవ నడిపేవాళ్లను సెంటు భూమి లేకపోయినా ప్రభావిత కుటుంబాలుగానే లెక్కిస్తుంది. వాళ్లెవరో బయటపడేది సామాజిక ప్రభావ అంచనాలో. కానీ తెలంగాణ 2017లో చేసిన సవరణ సాగునీటి ప్రాజెక్టులను ఆ అంచనా నుంచి మినహాయించే వీలు కల్పించింది. అంచనా లేకపోతే చేతిలో మిగిలేది పట్టాదారుల జాబితా. మళ్లీ అక్కడికే వచ్చాం.

కాబట్టి మనం అడగాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. ముంపు గ్రామాల్లో సర్వే నంబర్లతో కాక ఓటరు జాబితాతో లెక్క మొదలుపెట్టాలి. చేపలు పట్టేవాళ్లు, పడవవాళ్లు, ఇసుక తిన్నెల మీద సాగు చేసుకునేవాళ్లు, కూలీలు ఆ లెక్కలో ఉండాలి. నీటి సంఘాల్లో భూమిలేని వినియోగదారులకు ఓటు ఇవ్వాలి. నగరంలో చెరువు హద్దు తేల్చే విచారణకు కాలనీ సంఘాలతో పాటు గుడిసెల్లో ఉన్నవాళ్లను, చేపల సొసైటీలను పిలవాలి.

మహాడ్‌లో మెట్లు ఎవరివన్నా నీళ్లు అందరివీ అని తేలడానికి దాదాపు పదేళ్లు పట్టింది. సీతమ్మసాగర్ నిండాక దావా వేసి పదేళ్లు ఎదురుచూసే ఓపిక దుమ్ముగూడెం కూలీకి ఉండదు. గ్రామసభ ఇప్పుడే కూర్చోవాలి.