రొమ్ము గడ్డ ముక్క తీసిన రోజే హెర్-2 పరీక్ష మొదలవ్వాలి

హెర్-2 కణం పైపొరలో నాటుకుని ఉండే గ్రాహక ప్రోటీన్. దాని ఒక కొస కణం వెలుపల, రెండో కొస లోపల ఉంటాయి. తనలాంటి మరో గ్రాహకంతో జత కూడగానే లోపలి కొస చురుకై, కణం పెరగాలనీ విభజన చెందాలనీ సంకేతాలు పంపుతుంది. ఆరోగ్యంగా ఉన్న రొమ్ము కణంలోనూ ఇది ఉంటుంది, కానీ వేల సంఖ్యలోనే. దీని జన్యువు 17వ క్రోమోజోము మీద ఉంది. మామూలు కణంలో రెండే ప్రతులు ఉంటాయి. కొన్ని రొమ్ము క్యాన్సర్లలో ప్రతులు విపరీతంగా పెరిగిపోయి, పొర మీద ప్రోటీన్ లక్షల్లోకి చేరుతుంది. అంత రద్దీలో గ్రాహకాలు వాటంతట అవే జత కూడుతుంటాయి. పెరుగుదల సంకేతం ఇక ఆగదు.

అమెరికా వైద్యుడు డెనిస్ స్లామన్, ఆయన సహచరులు 189 గడ్డలను పరిశీలించి 1987లో ఫలితాలు ప్రచురించారు. హెర్-2 ప్రతులు పెరిగిన స్త్రీలలో జబ్బు త్వరగా తిరగబెడుతోందనీ, ఆయుష్షు తగ్గుతోందనీ అందులో తేలింది. అయితే ఈ ప్రోటీన్‌లో కొంత భాగం కణం వెలుపల ఉండడమే వైద్యానికి దారి చూపింది. కణం లోపలికి దూరలేని యాంటీబాడీ కూడా దాన్ని బయటినుంచి పట్టుకోగలదు. జెనెన్‌టెక్ సంస్థ తయారు చేసిన అలాంటి యాంటీబాడీ ట్రాస్టుజుమాబ్‌కు 1998 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి లభించింది. తొలి దశలోనే కీమోతో కలిపి ఇస్తే జబ్బు తిరగబెట్టే ముప్పు దాదాపు సగానికి తగ్గుతుందని 2005లో పెద్ద పరీక్షలు నిరూపించాయి. రొమ్ము క్యాన్సర్లలో అతి భయంకరమైన రకాల్లో ఒకటి ఈ మందుతో లొంగే రకంగా మారింది.

భారతదేశంలో 2022లో సుమారు 1,92,000 మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందని అంచనా. ఈ క్యాన్సర్లలో హెర్-2 అధికంగా ఉండేవి నూటికి 15 నుంచి 20. అంటే ఏటా దాదాపు ముప్పై వేల మందికి, లేదా అంతకు మించి, ఈ మందు అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే ట్రాస్టుజుమాబ్‌ను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. బెంగళూరు సంస్థ బయోకాన్ ఈ మందును పోలినట్టు తయారు చేసిన బయోసిమిలర్‌కు 2013 చివర్లో దేశంలో అనుమతి వచ్చింది. ఆ తర్వాత మరికొన్ని దేశీయ సంస్థలూ ఈ మందు తయారీలోకి దిగాయి. అయినా మందు ఎవరికివ్వాలో చెప్పేది పరీక్షే. పరీక్ష చేయకపోయినా, తప్పుగా చేసినా దేశంలోనే తయారైన మందు ఉండీ లేనట్టే.

ఆ తప్పు చాలాసార్లు ల్యాబ్‌కు చేరకముందే, ఆపరేషన్ గదిలోనే జరిగిపోతుంది. తీసిన ముక్కను గంటలోపు ఫార్మలిన్‌లో వేయాలి. మామూలు ఫార్మలిన్ చాలదు, బఫర్ కలిపిన పది శాతం ద్రావణం కావాలి. అది ముక్క కంటే పది రెట్లు ఉండాలి. ముక్క అందులో కనీసం 6 గంటలు, గరిష్ఠంగా 72 గంటలు నానాలి. శనివారం మధ్యాహ్నం తీసిన గడ్డను ఇరుకు డబ్బాలో కుక్కి, పైన కాస్త ఫార్మలిన్ పోసి సోమవారం దాకా వదిలేస్తే ద్రావణం లోపలికి ఇంకదు. పైభాగం గట్టిపడుతుంది, నడుమ భాగం పాడవుతుంది. అందుకే పెద్ద గడ్డను అరసెంటీమీటరు నుంచి సెంటీమీటరు మందంలో కోసి వేయాలి. సెలైన్‌లో వేసి పంపడం మరీ అన్యాయం. బఫర్ లేని ఫార్మలిన్ ఆమ్లంగా మారి డీఎన్ఏను చెడగొడుతుంది. ఇలా పాడైన ముక్కకు ఎంత మంచి ల్యాబ్‌లో రంగు అద్దినా నమ్మదగ్గ జవాబు రాదు. హెర్-2 ఉన్నా లేదని రిపోర్టు రావచ్చు, అప్పుడు ఆ రోగికి మందు అందకుండా పోతుంది. ఈ లోపాన్ని సరిదిద్దడానికి కోట్లు ఖర్చుపెట్టనక్కర్లేదు. సరైన ఫార్మలిన్, వెడల్పు మూతి డబ్బా, ముక్క తీసిన సమయమూ ఫార్మలిన్‌లో వేసిన సమయమూ రాసిన చీటీ ఉంటే చాలు. జిల్లా ఆస్పత్రి మొదలు ప్రైవేటు నర్సింగ్‌హోం దాకా ఆ చీటీ లేని ముక్కను పాథాలజీ విభాగం ప్రశ్నించకుండా తీసుకోకూడదు.

ఐహెచ్‌సీ అనే రంగు పరీక్షలో పాథాలజిస్టు చూసేది కణాల అంచు. పదోవంతుకు మించిన కణాల చుట్టూ ముదురు రంగు గీత పూర్తిగా ఏర్పడితే 3+, అంటే మందు పనిచేసే రకం. 0, 1+ వస్తే కాదు. 2+ వస్తే తేలనట్టే. అప్పుడు జన్యు ప్రతులను నేరుగా లెక్కపెట్టే ఫిష్ పరీక్ష చేయాలి. రోగులు చెయిజారిపోయేది ఇక్కడే. ఫిష్ ఖరీదైనది, అన్ని ఊళ్లలో దొరకదు. ముక్కను భద్రపరచిన మైనపు దిమ్మను మరో ఊరి ల్యాబ్‌కు మోసుకెళ్లే భారం కుటుంబం మీద పడుతుంది. కూలి మానుకుని తిరగలేనివారికి 2+ రిపోర్టే ఆఖరు రిపోర్టు అవుతుంది. ఇది ఏమాత్రం ఒప్పుకోదగింది కాదు. 2+ వచ్చిన ప్రతి దిమ్మా ఎవరూ అడగకుండానే, రోగి దగ్గర డబ్బు తీసుకోకుండానే రాష్ట్రంలోని పెద్ద క్యాన్సర్ ఆస్పత్రి ల్యాబ్‌కు వెళ్లాలి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, విశాఖలో హోమీ భాభా ఆస్పత్రి ఉన్నాయి. అలాంటి కేంద్రాలకు సిబ్బందినీ రసాయనాలనూ ఇచ్చి ఈ బాధ్యత అప్పగించవచ్చు. హెర్-2 తక్కువగా ఉన్న ముదిరిన క్యాన్సర్లలోనూ ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే మరో మందు పనిచేస్తుందని 2022లో తేలింది కాబట్టి 0కీ 1+కీ మధ్య తేడా కూడా ఇప్పుడు లెక్కలోకి వస్తోంది.

పరీక్షనూ మందునూ ప్రభుత్వ పథకాలు విడదీయకూడదు. పరీక్షకు డబ్బిచ్చి మందుకు ఇవ్వకపోయినా, మందుకిచ్చి పరీక్షను రోగికి వదిలేసినా ఫలితం ఒకటే. ఖర్చు తగ్గించే దారులు లేకపోలేదు. 60 కిలోల స్త్రీకి మొదటి మోతాదు 480 మిల్లీగ్రాములు, ఆపై మూడు వారాలకోసారి 360. సీసా 440 మిల్లీగ్రాములది. మిగిలిన మందును పారబోయనక్కర్లేదు. సీసాతో వచ్చే నిల్వ ద్రావణంతోనే కలిపి ఫ్రిజ్‌లో పెడితే 28 రోజులు వాడవచ్చు. రోగులందరినీ వారంలో ఒకే రోజు పిలిస్తే చుక్క వృథా కాదు. రాష్ట్రమంతటికీ ఒకే టెండరు పిలిస్తే ధర ఇంకా దిగుతుంది. ఈ మందు కొందరిలో గుండె బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి మూడు నెలలకోసారి చేసే ఎకో పరీక్ష కూడా అదే ప్యాకేజీలో చేరాలి.

రొమ్ము క్యాన్సర్ అని తేలిన ప్రతి ముక్కకూ, డాక్టరు విడిగా రాయకపోయినా, హెర్-2 పరీక్ష దానంతట అదే జరిగేలా ఆరోగ్య శాఖ ఉత్తర్వు ఇవ్వాలి. ఎన్ని రోజుల్లో రిపోర్టు ఇవ్వాలో అందులోనే ఉండాలి. పరీక్ష చేసే ల్యాబ్‌లను బయటి నిపుణులు ఏటా తనిఖీ చేయాలి. జబ్బు తిరగబెట్టినప్పుడు హెర్-2 స్థితి మారి ఉండవచ్చు కాబట్టి, వీలైన చోట కొత్త ముక్క తీసి మళ్లీ పరీక్షించాలి. పాత దిమ్మలను ఆస్పత్రి భద్రపరచాలి, రోగి అడిగిన రోజున రిపోర్టుతో పాటు ఇవ్వాలి.