ఎత్తు పెంచారు సరే... వెనక బండి సంగతేంటి?

మా పెద్దమ్మ కొడుక్కి విడవలూరు దగ్గర రొయ్యల గుంటలున్నాయి. పోయినేడాది పికప్ కొన్నాడు. కొన్న నెలకే మూడు అంగుళాల లిఫ్ట్ కిట్ వేయించి, 33 అంగుళాల టైర్లు ఎక్కించాడు. "గుంట గట్ల మీద అడుగు తగలడం లేదురా, బురదలో కూడా ఏనుగు లాగా పోతా ఉండాది" అని ఫోన్‌లో ఒకటే మురిసిపోయాడు. ఫోటో చూసి నేను కూడా "సూపర్ అన్నా" అన్నాను. ఇంజనీరింగ్ చదివిన నాకు అప్పుడు వెనకున్న హుక్కు గుర్తుకే రాలేదు.

ఆ హుక్కుకే మొన్నొక రాత్రి జనరేటర్ ట్రాలీ తగిలించాడు. తెల్లవారుజాము మూడింటికి కరెంటు పోయింది. పక్క గుంటల జనరేటర్ మొరాయించింది. వెనామీ రొయ్యలు సాగు చేసేవాళ్లకి ఆ టైమ్ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గిపోయేది తెల్లారబోయే ముందే. ఏరేటర్లు ఆగితే పంటంతా గంటల్లో తేలిపోతుంది. అన్న తన జనరేటర్ తగిలించుకుని బకింగ్‌హామ్ కాలువ పక్క రోడ్డు మీద బయల్దేరాడు. మీటర్ మీద 60. ట్రాలీ తోక ఊపడం మొదలెట్టింది. కంగారుపడి బ్రేక్ తొక్కాడు. ట్రాలీ అడ్డం తిరిగి పడిపోయింది. పికప్ రెండు చక్రాలు కాలువ గట్టు అంచున ఆగాయి.

రోజూ ట్రాలీ మీద కూర్చునే పనబ్బాయి ఆ రాత్రి తుంపర పడుతోందని క్యాబిన్‌లో కూర్చున్నాడు. లేకుంటే ఈ వారం ఈ కాలమ్ ఇంత తాపీగా రాసేవాణ్ణి కాదు.

కాటా చెప్పిన నిజం

ఆ ఆదివారం ఊరికెళ్లాను. ట్రాలీ చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, రొయ్యలు తూచే కాటాని తెచ్చి, పికప్ హుక్కు ఎంత ఎత్తులో ఉందో అంత ఎత్తున దిమ్మెల మీద పెట్టి, దానిపై ట్రాలీ ముక్కు ఆనించాం. జనరేటరూ డీజిల్ డ్రమ్మూ కలిపి ట్రాలీ బరువు దాదాపు 1,100 కిలోలు. ముక్కు మీద పడుతున్న బరువు 38 కిలోలు! మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముక్కు మీద పడాలి. అంటే ఇక్కడ 110 నుంచి 165 కిలోలు. అది తగ్గితే ట్రాలీకి నిలకడ ఉండదు. వేగం పెరిగేకొద్దీ ఊగుతుంది, ఆ ఊపు ముందున్న బండిని కూడా ఊపేస్తుంది.

ఎందుకు తగ్గింది? లిఫ్ట్‌తో మూడు అంగుళాలు, టైర్లతో ఇంకో అంగుళంపావు, మొత్తం నాలుగంగుళాల పైనే హుక్కు పైకి లేచింది. ట్రాలీ ముక్కు ఎత్తుకుంది, జనరేటర్ బరువు ఇరుసు వెనక్కి ఒరిగింది. దానికి తోడు నిండు డీజిల్ డ్రమ్ము వెనక మూల పెట్టి ఉంది.

మా పెదనాన్న అరుగు మీద నుంచి అంతా చూసి ఒకటే మాటన్నాడు: "ఎద్దుల బండికి వెనక బరువేస్తే నొగ పైకి లేచి ఎద్దు గొంతు బిగుసుకుంటుంది. ఇది తెలవడానికి కాటా కావాల్నా?" నా డిగ్రీ మీద ఇంతకంటే మంచి విమర్శ ఎవరూ చేయలేదు.

హుక్కుని కిందికి దించే బ్రాకెట్ వేయించాం. డ్రమ్ముని ఇరుసు ముందుకి జరిపి కట్టాం. మళ్లీ తూస్తే 130.

మీటర్ అబద్ధం చెబుతుంది

అన్న బండికి కంపెనీ ఇచ్చిన టైరు 245/75 ఆర్16. ఎత్తు సుమారు 30.5 అంగుళాలు. దాని బదులు 33 వేస్తే చక్రం ఒక్కో చుట్టుకి 8 శాతం ఎక్కువ దూరం పోతుంది. మీటర్‌కి ఆ సంగతి తెలీదు. అది 60 చూపిస్తుంటే మీరు పోయేది 65. ఆపాల్సిన శక్తి 17 శాతం పెరుగుతుంది. అదే సమయంలో బ్రేక్ పట్టు తగ్గుతుంది, ఎందుకంటే డిస్క్ పాతదే, చక్రమే పెద్దది. వెనక ట్రాలీకి సొంత బ్రేకులు లేకపోతే దాని బరువు కూడా మీ బ్రేకులే మోయాలి. ఫోన్ జీపీఎస్ పెట్టి అసలు వేగం ఎంతో ఒకసారి చూసుకోండి.

లాగే బలం కూడా అంతే తగ్గుతుంది. మొదటి గేరులో బరువు కదలనంటే క్లచ్‌ని కాల్చకండి. ఫోర్ బై ఫోర్ బండయితే, ఇసకలో, బురదలో లో రేంజ్ వాడండి.

ఇవి మాత్రం మరవకండి

ట్రాలీ ఊగడం మొదలైతే బ్రేక్ గట్టిగా తొక్కొద్దు, స్టీరింగ్ తిప్పొద్దు, వేగం పెంచొద్దు. స్టీరింగ్ నిటారుగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద నుంచి మెల్లగా కాలు తీయండి.

మైపాడు, కొత్తకోడూరు ఇసకలో దిగడానికి టైర్ల గాలి తగ్గిస్తాం కదా, రోడ్డెక్కే ముందు మళ్లీ నింపండి. మెత్తటి టైరుతో బరువు లాగితే టైరు వేడెక్కి పగులుతుంది.

ఇసకలో కూరుకున్న బండినో పడవనో లాగేటప్పుడు ట్రాలీ తగిలించే బాల్‌కి తాడు కట్టకండి. అది విరిగితే ఫిరంగి గుండే. చాసిస్‌కి ఉన్న కొక్కేనికి కట్టండి. తాడు మీద తడి గోతం వేయండి. చూడ్డానికొచ్చిన జనాన్ని తాడు పొడవుకి ఒకటిన్నర రెట్ల దూరం పంపండి.

ట్రాలీ మీద మనిషిని కూర్చోబెట్టొద్దు. ఎంత దగ్గరైనా సరే.

చివరగా చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం ఒక్కో మార్పుకి రూ.5 వేల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ పడొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మెలిక పెట్టడానికీ ఇదే దొరుకుతుంది.

ఇదంతా చెప్పాక అన్న రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఫోటో పంపాడు. పాత టైర్లు, పాత ఎత్తు. కింద ఒక ముక్క: "గట్టు మీద అడుగు తగులుతా ఉండాది. తగలనీలేరా."