సందడిలో సన్నిధిని పోగొట్టుకోకండి

డిసెంబరు దగ్గరపడింది. సంఘాల క్యాలెండర్లు అప్పుడే నిండిపోయాయి. ఒకటో తారీఖు నుంచే సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. కాలేజీలో ఒకటి, ఆఫీసులో ఒకటి, కాలనీలో ఒకటి, పార్టీ నాయకులు చేసేది ఇంకొకటి. రాత్రిళ్లు క్యారల్స్ రౌండ్లు, పగలు స్టేజీ డెకరేషన్, ఫ్లెక్సీలు, కేకు ఆర్డర్లు, యవనస్థుల స్కిట్, స్త్రీల సమాజం పాట, లైవ్ కోసం కెమెరాలు. 25 దాటిందంటే పాత సంవత్సరం ఆరాధన, అర్ధరాత్రి వాగ్దాన కార్డులు. జనవరి వచ్చేసరికి పాస్టరుగారి గొంతు పోతుంది, క్వయిర్ పిల్లలు జ్వరంతో పడుకుంటారు. ఈ నెలంతటిలో దేవునితో ఒంటరిగా ఒక గంట గడిపినవాళ్లు చేతులెత్తండి అంటే ఎన్ని చేతులు లేస్తాయి?

పండగ మానెయ్యమని ఎవరూ అనడం లేదు. ప్రార్థన ఆరిపోతున్నా సందడిని చూసుకుని బాగానే ఉన్నామనుకుంటున్న సంఘానికి ఇది హెచ్చరిక. ఇంకో పండగ గడిచేదాకా ఆగి చెప్పాల్సిన మాట కాదు కాబట్టి ఇప్పుడే చెబుతున్నాం.

తాగుడు, జూదం, సినిమా మనల్ని దేవుని నుంచి లాగేస్తాయని పెద్దలు చెబుతూనే వచ్చారు. ఆ దారిన వచ్చే ప్రమాదాన్ని దూరం నుంచే పసిగట్టడం మనకు అలవాటైంది. బైబిలు చేతపట్టుకుని మందిరం గుమ్మంలోంచి నడిచి వచ్చే ప్రమాదాన్ని మాత్రం పోల్చుకోలేకపోతున్నాం. బేతనియలో మార్త ఏం తప్పు చేసింది? సంతకు పోలేదు, చాడీలు చెప్పుకుంటూ కూర్చోలేదు. సాక్షాత్తూ ప్రభువు కోసమే వంట చేసింది. ఆ మంచి పనే ఆమెను కలవరపెట్టింది, తోబుట్టువు మరియ మీద ఫిర్యాదు చేయించింది, చివరికి ప్రభువు ఏం చెయ్యాలో ప్రభువుకే చెప్పించింది. లూకా పదో అధ్యాయంలో ఆ కొద్ది వచనాలు వరసగా చదివితే మన కమిటీ మీటింగుల మినిట్స్ చదివినట్టే ఉంటుంది. ముందు అలసట, తర్వాత సణుగుడు, ఆపైన తగువు. మైకు ఎవరికి ఇచ్చారు, ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో పెద్దగా వేశారు అన్న దగ్గర సంఘాలు చీలిన ఊళ్లు మనకు తెలియనివి కావు.

ఆ కథను తీసుకుని ఆడవాళ్లను మందలించడం మన ప్రసంగాల్లో ఓ అలవాటు. ప్రసంగం నడుస్తున్నంతసేపూ మందిరం వెనక పొయ్యిల దగ్గర ప్రేమవిందుకు వండుతున్నది ఎవరు? తెల్లారి నాలుగింటికి లేచి అందరికీ క్యారేజీలు కట్టి, మగవాళ్లు కుటుంబ ప్రార్థనకు కూర్చుంటే పాలు పొంగకుండా చూస్తున్నది ఎవరు? ఆమెను మార్తను చేసింది మనమే, మరియలా కూర్చోలేదని తప్పుపట్టేదీ మనమే. ఆ రోజు ప్రభువు తన పాదాల దగ్గర శిష్యురాలిగా కూర్చోనిచ్చింది ఒక స్త్రీని. ఆమె చోటును ఎవరూ తీసెయ్యలేరని కూడా చెప్పాడు. కాబట్టి ధ్యానం గురించి బోధించే ప్రతి పెద్దమనిషీ ముందు గరిటె అందుకోవాలి. ఇంట్లో ఒకరికి నిశ్శబ్దం దొరకాలంటే ఇంకొకరు పని పంచుకోక తప్పదు.

ఇక డబ్బు సంగతి. విత్తువాడి ఉపమానంలో ముళ్ల మధ్య పడ్డ విత్తనం చచ్చిపోలేదు, మొలిచింది, పెరిగింది. చింతలూ ధనమోసమూ కమ్ముకుని దాన్ని ఫలించకుండా చేశాయి. చేలో సర్కారు తుమ్మ సంగతి తెలిసిన రైతుకు దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. పీకడానికి ఈ ఏడాది తీరిక లేదనుకుంటే పైఏడు చేనే ఉండదు. మన సాక్ష్యాల్లో ఇప్పుడు వినిపిస్తున్నది ఏమిటి? ప్లాటు కొన్నాం, కారు తీసుకున్నాం, అబ్బాయికి అమెరికా వీసా వచ్చింది. కృతజ్ఞత చెప్పడం మంచిదే. అయితే వీసా రాని ఇంట్లో దేవుడు లేడా? కోపం అణచుకున్నానని, అన్నదమ్ముడితో రాజీపడ్డానని, అప్పు చేసి ఆర్భాటంగా పెళ్లి చెయ్యడం మానుకున్నానని సాక్ష్యం చెప్పేవాళ్లు ఎందుకు తగ్గిపోయారు? దీవెనను ఆస్తితో కొలవడం నేర్చుకున్న సంఘం, ఆ ఆస్తి సంపాదించే తొందరలో ప్రార్థన మానేసినవాణ్ణి మందలించలేదు. తమకు ఏ కొదువా లేదనుకున్న లవొదికయ సంఘానికి ప్రభువు రాయించిన ఉత్తరం ఇలాంటివాళ్లకే. తలుపు దగ్గర నిలబడి తడుతున్నాను అన్న మాటను మనం అన్యులకు చెప్పే సువార్తగా వాడుకుంటాం. ఆయన నిలబడింది విశ్వాసుల గుమ్మం బయటే.

అందరూ ప్రార్థనలో కూర్చుంటే పనులెవరు చేస్తారు, పేదలకు పెట్టేదెవరు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు మన నేల మీదే ఉంది. నెల్లూరులోని అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు ఫలితం కనబడక, మూసెయ్యాలా అని పంపినవాళ్లే తర్జనభర్జన పడుతున్న కాలం అది. 1854 జనవరి 1న తెల్లవారకముందే ఆ మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలులో ఒక కొండెక్కి ప్రార్థించారు. వెంటనే ఏమీ జరగలేదు. అదే మిషన్‌కు చెందిన జాన్ క్లౌ ఒంగోలుకు కాపురం వచ్చింది 1866లో, పన్నెండేళ్ల తర్వాత. 1876-78 కరవులో ఆయన బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి కూలి దొరికేలా చేశాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరవు తగ్గాక 1878 జులై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చరిత్రలో ఆ సంఖ్యనే మనం గొప్పగా చెప్పుకుంటాం. దాని వెనక స్టేజీ లేదు, పోస్టరు లేదు. కొండ మీద పట్టుమని పదిమంది కూడా లేని ఒక వేకువ ఉంది, ఏళ్ల తరబడి కనిపెట్టడం ఉంది, గడ్డపార పట్టిన కష్టం ఉంది. ప్రార్థన వాళ్లను పనికి దూరం చెయ్యలేదు. ఏ పని చెయ్యాలో, ఏది ఆపాలో తెలిసేలా చేసింది.

ప్రభువు చేసిందీ అదే. కపెర్నహూములో ఒక సాయంత్రం ఊరు ఊరంతా గుమ్మం ముందుకు వచ్చింది. మర్నాడు చీకటితోనే లేచి ఆయన ఒంటరిగా ప్రార్థనకు వెళ్లిపోయాడు. అందరూ మీకోసం వెతుకుతున్నారని సీమోను పరుగెత్తుకొచ్చి చెప్తే, వేరే ఊళ్లకు పోదాం పదండి అన్నాడు. ఎదురుచూస్తున్న జనాన్ని కాదని వెళ్లగలిగిన ఆ తెగువ ఆయనకు ఆ చీకటి గంటలోనే దొరికింది. పిలిచిన ప్రతి సభకూ పరుగెత్తే మన సేవకులు దీన్ని ఆలోచించాలి.

ఏం చెయ్యాలో సూటిగా చెప్పుకుందాం. సంఘ పెద్దలు ఈ డిసెంబరు కార్యక్రమాల్లో కనీసం ఒకదాన్ని కొట్టేసి, ఆ సాయంత్రం మందిరాన్ని మైకు, కీబోర్డు, కెమెరా లేకుండా ప్రార్థనకు తెరిచి ఉంచాలి. ఇది కొత్త విద్యేమీ కాదు. బైబిల్ మిషన్ సంఘాల్లో సన్నిధిలో కనిపెట్టడం ఉంది, కతోలిక దేవాలయాల్లో దివ్యసత్ప్రసాదం ఎదుట మౌనారాధన ఉంది, సీఎస్ఐ, లూథరన్ సంఘాల్లో క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఆగమన కాలం ఉంది. ఉన్నదాన్ని దులిపి వాడుకుంటే చాలు. కుటుంబ పెద్దలు రాత్రి ఫోన్లన్నీ ఒకచోట పెట్టించి ఒక అధ్యాయం చదివించాలి. చదివాక వెంటనే ప్రార్థన అందుకోకుండా కాసేపు ఊరుకోవడం పిల్లలకు నేర్పాలి. స్టేటస్‌లో పెట్టడానికి వాక్యం వెతుక్కునే అలవాటు ఉంటే మానుకోవాలి. బట్టలకూ లైట్లకూ అప్పు చెయ్యకండి. ఆ అప్పు తీర్చడానికి చేసే ఓవర్‌టైమ్ మీ మోకాళ్ల గంటను తినేస్తుంది.

చివరిగా ఎఫెసు సంగతి గుర్తుచేస్తున్నాం. ప్రకటన గ్రంథంలో ప్రభువు ఆ సంఘం కష్టాన్ని, సహనాన్ని, దొంగ బోధకులను పసిగట్టిన తెలివిని మెచ్చుకున్నాడు. సోమరిపోతు సంఘం కాదది. మొదటి ప్రేమను వదిలేసింది. మారుమనస్సు పొందకపోతే దీపస్తంభాన్ని దాని చోటునుంచి తీసేస్తానన్న మాట వచ్చింది అంత కష్టపడ్డ ఆ సంఘానికే. ఇవాళ ఎఫెసు టర్కీలో టికెట్టు కొని చూసొచ్చే శిథిలాల ఊరు. మన మందిరాల గోడలు దానికన్నా గట్టివేమీ కావు. ఆ హెచ్చరికతోపాటు మారడానికి వ్యవధి కూడా ఇచ్చాడు. మనం ఉన్నది ఆ వ్యవధిలోనే, అది ఎంతకాలమో మనకు చెప్పలేదు.